గరాటు పెట్టి పోయడం కూడా రాదా అని తిట్టించుకున్నాక తెలుసుకున్నవి

సంక్రాంతికి ముందు రోజు మా వంటింట్లో దగ్గర దగ్గర అర లీటరు శెనక్కాయ నూనె గచ్చు పాలైంది. గానుగ దగ్గర ఆడించుకొచ్చిన నూనె అది, అరిసెల కోసమని అమ్మ అయిదు లీటర్ల క్యానులో దాచింది, అందులోంచి ఒక బాటిల్ నింపివ్వరా అని నాకు చెప్పింది. నేను గరాటు పెట్టాను, పోశాను, రెండు మూడు క్షణాలు బాగానే దిగింది, తర్వాత ఏమైందో దిగడం ఆగిపోయి గరాటు అంచు దాకా నిండింది. నేను క్యాను ఎత్తేలోపే లోపలి నుంచి గుడుక్కుమని గాలి తన్నింది, నూనె అటూ ఇటూ పొంగి బాటిల్ పక్కలనుంచి కారి బండల మీదికి, అక్కడి నుంచి అప్పుడే వేసిన ముగ్గు మీదికి. "గరాటు పెట్టి పోయడం కూడా రాదా నీకు?" అని అమ్మ. అవ్వ అయితే నా వైపు చూడను కూడా లేదు, పాత గోనెసంచి తెచ్చి నా చేతికిచ్చింది.

తుడుస్తూ ఆలోచిస్తే అర్థమైంది. నూనెకు దారి చూపించాను, గాలికి దారి మూసేశాను.

ఖాళీ బాటిల్ అని మనం అంటాం గానీ దాన్నిండా గాలి ఉంటుంది. ఒక చెంచా నూనె లోపలికి పోవాలంటే ఒక చెంచా గాలి బయటికి రావాలి. గరాటు ఏటవాలు గోడ బాటిల్ మూతికి చుట్టూ అతుక్కుని కూర్చుంటుంది, ఉన్న కాస్త సందును నూనె తడి కూడా మూసేస్తుంది, దాంతో గాలికి మిగిలిన దారి ఒక్కటే, గరాటు కాడ. నూనె దిగుతున్న ఆ కాడలోంచే గాలి పైకి రావాలి. ఇరుకు సందులో ఎదురెదురుగా రెండు ఆటోలు వచ్చినట్టు, ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి. కాసేపు నూనె ఆగుతుంది, లోపల ఒత్తిడి పెరిగాక గాలి బుడగగా పైకి తన్నుకొస్తుంది, ఆ గుడుక్కుమనేది అదే. నీళ్లయితే తొందరగా సర్దుకుంటాయి, నూనె చిక్కన కాబట్టి పేచీ ఎక్కువ.

అందుకని ముందు చెయ్యాల్సిన పని, గరాటును బాటిల్ మీద పూర్తిగా కూర్చోబెట్టకండి. రెండు వేళ్లతో అర సెంటీమీటరు పైకెత్తి పట్టుకోండి. చెయ్యి ఖాళీ లేదంటే గరాటుకూ బాటిల్ మూతికీ మధ్య ఒక చీపురు పుల్లో అగ్గిపుల్లో పెట్టండి, అంత సందు చాలు గాలికి. కొన్ని గరాటులకు కాడ బయటివైపు నిలువుగా సన్నటి గీతల్లాంటి ఉబ్బులు ఉంటాయి, అవి అందానికి పెట్టినవని నేను చాలా ఏళ్లు అనుకున్నాను, అవి ఉన్నదే ఈ సందు కోసం. కొనేటప్పుడు కాడ తిప్పి చూడండి, గీతలు ఉన్నది తీసుకోండి, పది రూపాయలు ఎక్కువైనా సరే.

రెండోది, గరాటు నడిమధ్యలో దబదబా ఒంపకుండా పక్క గోడకు తగిలేలా సన్నధారగా పొయ్యండి, గరాటు సగం దాటి నిండనివ్వొద్దు. మూడోది నేను ఇంకా అప్పుడప్పుడు మర్చిపోయేది, బాటిల్ నిండక ముందే ఆపాలి, ఎందుకంటే గరాటులో ఉన్నది ఇంకా దిగాల్సి ఉంటుంది. మెడ మొదలయ్యే చోటుకు నూనె వచ్చిందంటే క్యాను కింద పెట్టెయ్యండి. కింద ఒక పళ్లెం ఎలాగూ పెట్టుకోండి, నేను పెట్టుకుని ఉంటే ముగ్గయినా మిగిలేది.

ఇక క్యాను సంగతి. క్యాను కూడా ఒక బాటిలే, దాంట్లోంచి నూనె బయటికి రావాలంటే గాలి లోపలికి పోవాలి. అయిదు లీటర్ల క్యానుకు మూతి ఒక మూలన ఉంటుంది కదా, మనం అలవాటుగా మూతి కిందవైపు వచ్చేలా వంచుతాం, అప్పుడు నూనె మూతిని నిండా మూసేసి గుడుక్ గుడుక్కుమంటూ ఎగిరెగిరి పడుతుంది. అలా కాకుండా క్యానును పక్కకు తిప్పి, మూతి పైవైపు ఉండేలా పట్టుకుని మెల్లగా వంచండి. నూనె మూతి కింది సగంలోంచి వస్తుంది, గాలి పై సగంలోంచి లోపలికి పోతుంది, ధార ఒక్క కుదుపు లేకుండా దారంలా పడుతుంది. మొదటిసారి చేసినప్పుడు ఇదేదో తిరగేసి పోస్తున్నామే అనిపిస్తుంది, పర్లేదు, పొయ్యండి.

గానుగ నూనె అయితే ఇంకో మాట. తెచ్చిన రోజే ఒంపకండి, రెండు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేట నూనె మాత్రం గరాటులో పల్చటి పాత పంచె గుడ్డ వేసి దించుకోవచ్చు. చలికాలం పొద్దున నూనె మందంగా కదులుతుంటే క్యానును కాసేపు ఎండలో పెట్టండి, వేడికి పల్చబడి చకచకా దిగుతుంది.

ఏ గరాటు దేనికి

అన్నిటికీ ఒకే గరాటు వాడే ఇల్లు మాది కూడా ఒకప్పుడు. ఇప్పుడు మూడున్నాయి. సన్న కాడది నూనెకు, వెడల్పు కాడది పప్పులకూ పొడులకూ, మూడోది వంటింట్లోకి రాకూడనిది, బండి దగ్గర ఉంటుంది. పెట్రోలు పోసిన గరాటును ఎంత సబ్బు పెట్టి కడిగినా ప్లాస్టిక్‌కు ఆ వాసన పోదు, దాన్ని మళ్లీ వంటకు వాడటం అంటే అంతకన్నా తెలివితక్కువ పని లేదు.

చంద్రగిరి దాటాక బండి ఆగిపోయి, ఎవరో పుణ్యాత్ముడు బాటిల్లో పెట్రోలు తెచ్చిస్తే, ట్యాంకులోకి పోయడానికి ఏమీ లేక అల్లాడిన రోజు ఒకటుంది నాకు. అలాంటప్పుడు లీటరు నీళ్ల బాటిల్‌ను పైనుంచి మూడో వంతు దగ్గర కోస్తే, తిరగేసిన ఆ పై ముక్కే గరాటు. మూత తీసెయ్యండి, కోసిన అంచు గరుకుగా ఉంటుంది చెయ్యి జాగ్రత్త. ఇంజను ఆపి కాస్త చల్లారనివ్వండి, పక్కన ఎవరైనా బీడీ కాలుస్తుంటే దూరం పొమ్మనండి, మొహమాటం వద్దు. బాటిల్‌లో నీటి చుక్కలు లేకుండా తుడిచి వాడండి, పెట్రోల్లో నీళ్లు కలిస్తే బండి మళ్లీ ఆగుతుంది.

మా ఊరి పాల కేంద్రంలో ఇంకో రకం ఉంటుంది. మా చిత్తూరు వైపు పల్లెల్లో పొద్దున్నే చెంబులూ క్యాన్లూ పట్టుకుని పాలు పొయ్యడానికి వరసలో నిలబడే వాళ్లకు ఇది బాగా తెలుసు, పెద్ద స్టీలు గరాటు, అడుగున జల్లెడ, పెద్ద క్యాను మూతి మీద కూర్చుని ఉంటుంది. పాలు నురగ రాకుండా పొయ్యాలంటే అక్కడ కూడా పక్క గోడకు తగిలించే పోస్తారు. మా నాయన అలా పోస్తుంటే అదొక స్టైల్ అనుకునేవాణ్ణి చిన్నప్పుడు.

బావి మోటారు ఉన్న రైతులకు గరాటు ఇంకో పనికి కావాలి. గట్టు మీద పెట్టే మోటారు, గొట్టంలో గాలి ఉంటే నీళ్లు లాగదు, ముందు గొట్టం నిండా నీళ్లు నింపాలి. అడుగున నీళ్లు వెనక్కి పోకుండా ఆపే ఫుట్‌వాల్వు లీకయితే ఎన్ని బిందెలు పోసినా కిందికి పోతూనే ఉంటాయి, అప్పుడు పేడ కలిపిన నీళ్లు పోసి ఆ సందు పూడ్చే పాత చిట్కా ఒకటుంది. పోసేటప్పుడు బుడబుడమని బుడగలొస్తున్నంత సేపూ లోపల గాలి ఉన్నట్టే. బుడగలు ఆగి నీళ్లు అంచుకు వచ్చి నిలబడితే స్విచ్ వెయ్యండి. తొందరపడి ముందే వేస్తే మోటారు ఉత్తిగా తిరుగుతుంది, సీలు కాలుతుంది, ఆ పైన మెకానిక్ చుట్టూ మీరు తిరుగుతారు.

కాగితంతో చేసుకోవడం

శెట్టి అంగట్లో బొరుగులు కొన్నప్పుడు ఆయన పాత పేపరు ముక్క తీసుకుని ఒక్క తిప్పు తిప్పి పొట్లం చేసేవాడు, కింది మొన కొంచెం మడిచి నొక్కేవాడు, రెండు సెకన్ల పని. అదే పొట్లం మొన మడవకుండా కాస్త కత్తిరిస్తే గరాటు. లెక్కల పుస్తకంలో దాని పేరు శంకువు.

చేతి వాటంతో చుడితే ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, కొలతతో కావాలంటే ఇలా చెయ్యండి. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో సగం వృత్తం గీసి కత్తిరించండి, తిన్నటి అంచు రెండు సగాలూ కలిపి చుట్టి అతికించండి. మూతి సరిగ్గా 10 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది, ఏటవాలు పొడవు కూడా 10. పక్కనుంచి చూస్తే మూడు వైపులా సమానమైన త్రిభుజం, మొన దగ్గర కోణం 60 డిగ్రీలు. కాలేజీ ల్యాబులో వడపోత కాగితాన్ని రెండు మడతలు పెట్టి, ఒక వైపు మూడు పొరలూ ఒక వైపు ఒక పొరా ఉండేలా తెరిస్తే వచ్చే కోణం కూడా ఇదే 60, అందుకే ల్యాబు గరాటులు ఎక్కువగా ఆ కోణంలో చేస్తారు, కాగితం అతికినట్టు కూర్చుంటుంది. కూర్చోబెట్టాక నాలుగు చుక్కల నీళ్లతో తడిపి గోడకు అదమాలి, గరాటు కాడ మొన కింది బీకరు గోడకు తగిలేలా పెట్టాలి. ప్రాక్టికల్స్‌లో ఇది చెయ్యక మార్కులు పోగొట్టుకున్న వాళ్లు మా బ్యాచ్‌లో చాలామంది, టెన్షన్‌లో గుర్తుండదు అంతే.

నూనెకూ నీళ్లకూ 60 డిగ్రీలు బాగుంటుంది. పొడులకు కుదరదు. కారప్పొడి, శెనగపిండి, పసుపు లాంటివి వెడల్పు గరాటులో పోస్తే కొంచెం దిగి ఆగిపోతాయి, కింద ఖాళీ, పైన పిండి గుమ్మటంలా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడిపోతుంది. రేణువులు ఒకదాని మీద ఒకటి ఆనుకుని కమానులా కడతాయన్నమాట, రాళ్లతో కట్టిన పాత కమాను ఏ సున్నం లేకపోయినా నిలబడినట్టే. వేలు పెట్టి పొడిస్తే ఒక్కసారి దభీమని మొత్తం పడి మొహాన కారం. దీనికి కాగితాన్ని సగం వృత్తం కాకుండా పావు వృత్తం కత్తిరించి చుట్టండి, మొన కోణం 29 డిగ్రీలకు తగ్గుతుంది, గోడలు నిటారుగా ఉంటాయి కాబట్టి పిండి జారుతుంది. కింది రంధ్రం మాత్రం పెద్దగా ఉంచండి, రెండు వేళ్లు పట్టేంత. ఆగితే పైనుంచి పొడవకుండా పక్కనుంచి వేలితో తట్టండి. వర్షాకాలంలో ఉప్పు అయితే ఏ గరాటూ పనిచెయ్యదు, ముందు కాస్త వేయించి ఆరబెట్టుకోవాల్సిందే. రైసుమిల్లులో వడ్లు పోసే తొట్టి గోడలు అంత నిటారుగా ఎందుకుంటాయో, పక్కన ఒకాయన కర్రతో ఎందుకు తడుతుంటాడో ఇప్పుడు తెలిసింది కదా.

గోరింటాకు కోన్ కూడా ఇదే పద్ధతి, కాకపోతే పల్చటి ప్లాస్టిక్ కాగితంతో, మొన గుండుసూది పట్టేంత. వదిన చేసేటప్పుడు చూశాను, ముందు మొనలో గుండుసూది పెట్టి దాని చుట్టూ చుడుతుంది, చివర్లో సూది లాగేస్తుంది. నేను చుడితే మొన ఎప్పుడూ పగిలేది.

పొట్లం గురించి ఒక రహస్యం చెప్పాలి. శంకువులో ఎత్తు సగానికి తగ్గితే లోపలున్నది సగం కాదు, ఎనిమిదో వంతే. అంటే పొట్లం పై సగంలోనే ఎనిమిదింట ఏడు వంతుల శెనక్కాయలు ఉంటాయి. గంగమ్మ జాతరలో మా అక్క "పై సగం నాకు, కింది సగం నీకు, సమానం" అని పంచేది. నేను తొమ్మిదో తరగతిలో శంకువు ఘనపరిమాణం నేర్చుకునే దాకా ఆ పంపకం న్యాయమనే నమ్మాను.

ఇసుకలో, నీళ్లలో, గాలిలో

ఏ చేతి పనీ లేకుండా తయారైన గరాటు చూడాలంటే వాన తగలని పొడి ఇసుక వెతకండి. పాత ఇంటి చూరు కింద, మండపం మెట్ల పక్కన, పశువుల కొట్టం గోడ వారన చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి, రూపాయి బిళ్లంత, ఒక్కోటి ఇంకాస్త పెద్దది. మేం గుంటపురుగు అనేవాళ్లం. అది వెనక్కి నడుస్తూ గుండ్రంగా తవ్వి, తలతో ఇసుక బయటికి విసిరి, గుంట అడుగున ఇసుకలో దాక్కుని కోరలు మాత్రం తెరిచి కూర్చుంటుంది. గుంట గోడ వాలు సరిగ్గా ఇసుక జారిపోవడానికి సిద్ధంగా ఉన్న వాలు, ఇంకొక్క డిగ్రీ ఎక్కువైతే కూలుతుంది. పొడి ఇసుకను కుప్ప పోస్తే అది ఏ వాలు దగ్గర ఆగుతుందో అదే, సుమారు 30 నుంచి 35 డిగ్రీలు. చీమ కాలు పెట్టిందంటే గోడ జారుతుంది, ఎక్కబోతే కింది నుంచి పురుగు ఇసుక విసిరి మళ్లీ జారుస్తుంది.

చూడాలంటే సన్నటి గడ్డిపోచతో గుంట అంచున నాలుగు ఇసుక రేణువులు జార్చండి, చీమ పడిందనుకుని కింది నుంచి ఇసుక ఎగరేస్తుంది. పురుగును బయటికి తియ్యాలంటే చెంచాతో గుంట అడుగు మొత్తం ఎత్తి అరచేతిలో పోసుకోండి, ఏమీ చెయ్యదు, వెనక్కి వెనక్కి పాకుతుంది. చూశాక అక్కడే వదిలెయ్యండి, మళ్లీ తవ్వుకుంటుంది. ఇది పెద్దయ్యాక తూనీగలా రెక్కలొచ్చి ఎగిరిపోతుందని తెలిసినప్పుడు నేను నమ్మలేదు.

పూలలో గరాటు కావాలంటే ఉమ్మెత్త, పచ్చగన్నేరు, చెరువు గట్ల మీద లేత ఊదా రంగులో పూసే తూటి. పిల్లలకు చూపించండి గానీ చేతికిచ్చి నోట్లో పెట్టుకోనివ్వకండి, ఉమ్మెత్తా పచ్చగన్నేరూ రెండూ విషమే, గింజలు మరీను. ఉమ్మెత్త పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, అంత పొడుగు గొట్టం అడుగున ఉన్న తేనె పొడుగు నాలుక ఉన్న రాత్రి చిమ్మటకే అందుతుంది.

నీళ్ల గరాటు ఇంట్లోనే చేసుకోవచ్చు. లీటరు బాటిల్ నిండా నీళ్లు పోసి ఒక్కసారిగా బోర్లించండి, గుడుక్ గుడుక్కుమంటూ దిగుతాయి. మళ్లీ నింపి, ఈసారి బోర్లించగానే గుండ్రంగా నాలుగు తిప్పులు గట్టిగా తిప్పండి. మధ్యలో గాలి దారి ఒకటి సన్నటి తాడులా పైదాకా లేస్తుంది, నీళ్లు చుట్టూ తిరుగుతూ గోడ వెంబడి దిగుతాయి, గాలి మధ్యలోంచి ఎక్కుతుంది, పోట్లాట లేదు. ఫోన్లో టైమ్ పెట్టి రెండూ పోల్చి చూడండి. పిల్లలున్న ఇంట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం గడిచిపోతుంది.

సింకులో నీళ్లు భూమి తిరగడం వల్ల ఒకే వైపు సుడి తిరుగుతాయని చాలామంది చెబుతారు. అంత చిన్న నీటి మీద భూమి ప్రభావం లెక్కలోకి రాదు, మీరు కొళాయి ఎటు తిప్పారో, సింకు ఎటు వంగి ఉందో దాన్ని బట్టే. వందల కిలోమీటర్ల తుపాను అయితే వేరు, మన బంగాళాఖాతంలో పుట్టేవి ఎప్పుడూ గడియారం ముల్లుకు ఎదురు దిశలోనే తిరుగుతాయి. ఎండాకాలం బీటి పొలంలో కాగితాలూ ఎండుటాకులూ ఎత్తుకుని తిరిగే సుడిగాలి మాత్రం ఎటైనా తిరగొచ్చు, కాలిన నేల మీది వేడిగాలి పైకి లేచినప్పుడు పుట్టేదే అది, మేఘంతో పని లేదు.

సుడి విషయంలో ఒక్కటి మాత్రం సరదా కాదు. చెరువు తూము తెరిచినప్పుడు పైన నీళ్లు గరాటులా తిరుగుతాయి, ఊళ్లో పెద్దవాళ్లు ఈతకు పోయే పిల్లల్ని అటు పోనివ్వరు, ఎందుకంటే ఆ లాగుడుకు ఈతగాడు కూడా చాలడు. 2021 నవంబరులో తిరుపతి వీధులు వాగుల్లా పారినప్పుడు కూడా ఇదే మాట పనికొచ్చింది. రోడ్డు మీది నీళ్లలో ఒకచోట చిన్న సుడి కనిపించిందంటే కింద మూత లేని మ్యాన్‌హోలో కాలువ నోరో ఉందని అర్థం, అక్కడికి అడుగు వెయ్యకండి. సుడి కనిపించకపోతే ప్రమాదం లేదని కాదు, కర్రతో తడుముకుంటూ నడవండి.

మాటల్లో

ఎంత చెప్పినా వినని వాణ్ణి "చెవిలో గరాటు పెట్టి పోసినా ఎక్కదు" అంటాం. మన బయటి చెవి నిజంగా గరాటే, సరిగ్గా వినపడనప్పుడు అరచెయ్యి వెనక పెట్టుకుంటాం కదా, గరాటు మూతి పెద్దది చేసుకోవడమే అది. తిరగేస్తే బాకా. ఒకణ్ణి ఊరంతా పొగుడుతూ తిరిగితే బాకా ఊదుతున్నాడంటాం, జాతరకు చెట్టుకు కట్టే మైకు గొట్టమూ, నాదస్వరం చివర వెడల్పుగా విచ్చుకునేదీ ఆ ఆకారమే. చిన్న చోట పుట్టిన శబ్దాన్ని బయటి గాలికి మెల్లమెల్లగా వెడల్పు చేసి అందిస్తే ఎక్కువ దూరం పోతుంది. కాగితం గరాటు మొన వైపు నోరు పెట్టి మాట్లాడి చూడండి, తెలుస్తుంది.

నగరి, పుత్తూరు వైపు తమిళం మాట్లాడే ఇళ్లలో గరాటును పునల్ అంటారు, పాత తమిళంలో ఆ మాటకు నీరు అని కూడా అర్థం. మనకు శంఖం ఉంది. "శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదు" అన్న సామెత ఆఫీసుల్లో రోజూ గుర్తొస్తుంది నాకు, నేను చెప్పినప్పుడు ఎవరూ పట్టించుకోని మాటే మేనేజర్ నోటి వెంట వస్తే మీటింగ్‌లో అందరూ రాసుకుంటారు. అదే మేనేజర్ సేల్స్ ఫన్నెల్, అంటే అమ్మకాల గరాటు, అంటుంటాడు, పైన వెయ్యి మంది అడుగుతారు, కింద పదిమంది కొంటారు అని. గరాటులో పోసింది మొత్తం కిందికి దిగాలి గదయ్యా, పైనే ఆపేసేదాన్ని జల్లెడ అంటారు అని చెప్పాలని ఉంటుంది, చెప్పను.

వాన కొలిచే గరాటు

ఇది నాకు బాగా నచ్చిన పని, ఖర్చు వంద రూపాయలు కూడా కాదు. మూతి లోపలి వెడల్పు 11.3 సెంటీమీటర్లున్న గరాటు వెతకండి, స్కేలు తీసుకుని అంగడికి పోండి, నవ్వితే నవ్వనివ్వండి. ఆ కొలతకు మూతి వైశాల్యం దాదాపు 100 చదరపు సెంటీమీటర్లు వస్తుంది, కాబట్టి 10 మిల్లీలీటర్ల నీళ్లు పడితే ఒక మిల్లీమీటరు వాన కురిసినట్టు. వేరే కొలత దొరికితే వెడల్పును వెడల్పుతో హెచ్చించి 0.785తో గుణించండి, వైశాల్యం వస్తుంది, దాన్ని పదితో భాగిస్తే ఒక మిల్లీమీటరుకు ఎన్ని మిల్లీలీటర్లో తెలుస్తుంది.

గరాటును రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ మీద పెట్టండి. బాటిల్‌ను ఇసుక పోసిన బక్కెట్‌లో నిలబెట్టండి, గాలికి పడదు, గరాటు అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే బాగుంటుంది, బక్కెట్ అంచుకన్నా కూడా పైనే ఉండాలి, లేకపోతే చినుకులు ఎగిరి లోపల పడతాయి. గోడకో చెట్టుకో దగ్గరగా వద్దు, ఆ గోడ ఎత్తుకు రెండింతల దూరమైనా జరపండి, డాబా మీద పెడితే నీళ్ల ట్యాంకుకు దూరంగా. వాతావరణ శాఖ వాళ్లు పొద్దున 8:30కి కొలుస్తారు, మీరూ అదే టైమ్ పెట్టుకుంటే పేపర్లో వచ్చే లెక్కతో పోల్చుకోవచ్చు. మందుల షాపులో దొరికే సిరంజితోనో, దగ్గు మందు మూతతోనో కొలవండి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే వాళ్ల లెక్కలో భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ. మన బాటిల్ నిండిందంటే 200 మిల్లీమీటర్లు. మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బాగా పడుతుంది కాబట్టి దసరా లోపు పెట్టుకోండి.

మొదటి వానకు నా బాటిల్లో పది మిల్లీలీటర్లు కూడా లేవు, గరాటు మాత్రం అంచు దాకా నిండి నీళ్లు పక్కలకు పొర్లిపోయాయి. బాటిల్ మూతికి గరాటు బిగుసుకుపోయి గాలి బయటికి రాలేదు, మళ్లీ అదే తప్పు. ఇప్పుడు సందులో మూడు చీపురు పుల్లలు పెట్టాను, గరాటు అంచు పైన గొడుగులా ఉంటుంది కాబట్టి ఆ సందులోంచి వాన లోపలికి పోదు.